వడగట్టే గుడ్డ

తిరిగొచ్చి పది రోజులైనా నా ఒంటి నుంచి ఇంజను నూనె వాసన పోలేదు. చాకలి వెంకన్న రెండు చొక్కాలూ ఉతికి తెచ్చి, "ఇంతకంటే నా వల్ల కాదండీ పంతులుగారూ" అని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆవిడ నాకు వసారాలోనే కాఫీ ఇస్తోంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "తిరుపతి వెళ్ళొచ్చావట, ప్రసాదం ఏదోయ్?" అని ఒకటే నస. ఏం చెప్పను? తిరుపతిలో మూడు రోజులున్నాను గానీ కొండ ఎక్కలేదు. నేను వెళ్ళింది దేవుడి పని మీద కాదు, మడ్డి నూనె పని మీద.

బస్సులూ లారీల ఇంజన్లలో పోసే నూనె కొంతకాలం తిరిగాక నల్లబడి, చిక్కబడి, ఇంజనుకు పనికిరాకుండా పోతుంది. దాన్ని తీసి పారబోస్తారు. యుద్ధంలో బర్మా చేజారినప్పటి నుంచి కొత్త నూనె దొరకడం గగనమైంది. అందుకని పారబోసే నూనెను డబ్బాల్లో పట్టి మద్రాసు పంపండి, అక్కడ కాచి వడగట్టి మళ్ళీ వాడకానికి తెస్తారు అని జనానికి చెప్పిరమ్మని, వేసవి సెలవుల్లో సర్కారువాళ్ళు సైన్సు పంతుళ్ళను కొందరిని ఊళ్ళ మీదికి పంపారు. నాకు చిత్తూరు జిల్లా పడింది. పుట్టి బుద్ధెరిగి కృష్ణ కాలువల పక్కన తప్ప ఎక్కడా బతకని వాణ్ణి. చేతికో పెట్టె ఇచ్చారు. అందులో రెండు గాజు సీసాలు, ఒక రేకు గరాటు, నూనెను తేటపరిచే మట్టిపొడి, వడగట్టడానికి దళసరి గుడ్డ. మోసి మోసి నా కుడిభుజం ఈ పూటకీ సలుపుతూనే ఉంది.

చిత్తూరు

చిత్తూరులో నేనెక్కిన బస్సుకు వెనక నిలువెత్తు ఇనప పొయ్యి ఉంది. పెట్రోలు లేదు కాబట్టి అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతోనే ఇంజను నడుపుతారు. పొయ్యి అందుకోవడానికి గంట పట్టింది. ఆ గంటలో నా మొదటి ఉపన్యాసం అయిపోయింది. విన్నవాళ్ళు ఎనిమిదిమంది, అందులో ముగ్గురు కునికిపాట్లు పడ్డారు.

బస్సు డ్రైవరు దొరస్వామి. నలభై ఏళ్ళ మనిషి, నుదుట విభూతి, మణికట్టుకు నల్లతాడు. ఈ ప్రయాణమంతా ఆయన బస్సులోనే చేశాను. సీటు కింద గోనెపట్టా కప్పిన డబ్బా ఒకటి కనిపించింది. మూత తీసి చూస్తే నిండా మడ్డి నూనె. బొగ్గు పొగ మసి కలిసి కాటుకలా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది నాకిచ్చెయ్యవయ్యా, మద్రాసు పంపిస్తాను" అన్నాను.

"దాన్ని మాత్రం అడగద్దు సామీ. అది మొక్కుబడి ఆయిలు" అన్నాడు.

నూనెకు మొక్కుబడి ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎక్కేవాళ్ళ మూటలు నా నెత్తి మీద పడుతుంటే ఇక అడగలేదు.

పూతలపట్టు

పూతలపట్టు కూడలి చేరేసరికి పొయ్యి గొట్టం పూడుకుపోయింది. దొరస్వామి చొక్కా విప్పి బస్సు కిందికి దూరాడు. మేం రెండు గంటలు చింతచెట్ల నీడన పడ్డాం.

అక్కడొకావిడ సంగటి అమ్ముతోంది. అణాకు పిడికిలంత రాగిముద్ద, పక్కన పచ్చి శెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి. మా వైపు అన్నం నమిలినట్టే నమిలాను. ముద్ద పళ్ళకు అతుక్కుని నోరు తెరుచుకోలేదు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

"నమల్తారా సామీ ఎవరన్నా? బిండిలో అద్దుకోని మింగాల. నమిలితే రేపటికి గూడా అయిపోదు."

మింగాను. ఊరిబిండి కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, నిజం చెబుతున్నా, ఈ ప్రయాణంలో నేను తృప్తిగా తిన్న తిండి అదొక్కటే. పనిలో పనిగా అక్కడే పెట్టె తెరిచి, కాలిన నూనెను పారబొయ్యకండి అని మొదలుపెట్టాను. ఒక బండితోలే పెద్దాయన మధ్యలోనే చెయ్యెత్తాడు.

"పారబోసేది ఎవరప్పా? ఈడ ఒక సుక్క గూడా పోనియ్యం. బండి ఇరుసుకు కందెన అదే. దూలాలకు సెదలు పట్టకుండా పూసేది అదే. యెద్దు మెడ కాసిపోతే రాసేది అదే. బస్సోళ్ళు ఇచ్చేదే మాకు సాల్లే, ఇంగ నువ్వు మద్రాసుకు ఎత్తకపోతానంటావే!"

అందరూ ఘొల్లుమన్నారు. నాకు గాలి తీసేసినట్టయింది. ఎద్దు పుండుకు మాత్రం అది రాయకండి అని గొణిగాను. ఆయన పాపం తలూపాడు. మళ్ళీ రాస్తాడని నాకు తెలుసు.

తిరుపతి

తిరుపతిలో బస్సు షెడ్ల వెనక సందు చూశాక పూతలపట్టు పెద్దాయనకు మనసులో దండం పెట్టాను. ఇక్కడ పాత నూనె తీసింది తీసినట్టు కాలవలోకి వదిలేస్తున్నారు. మురుగు మీద నెమలికంఠం రంగులు తేలుతున్నాయి. షెడ్డు మేస్త్రీకి చెబితే, "యాడ బెట్టుకునేది సామీ? డబ్బాలు మీరిస్తారా?" అన్నాడు. మా ఆఫీసు పెట్టె ఇచ్చింది గానీ డబ్బాలు ఇవ్వలేదు. పెట్టె సర్దుకుని వచ్చేశాను.

మర్నాడు సత్రం ముందు అరుగు మీద పెట్టె తెరిచాను. ఒక సీసాలో నల్ల నూనె, ఒక సీసాలో వడగట్టిన ఎర్ర నూనె. చూస్తుండగానే జనం మూగారు. ఇన్నాళ్ళకు నా మాట వినేవాళ్ళు దొరికారని గొంతు పెంచాను. గుండు చేయించుకుని, గంధం పూసుకున్న ఒక ముసలమ్మ ముందుకు తోసుకొచ్చింది.

"నాయనా, మోకాళ్ళకు ఎర్రది రాయాలా, నల్లది రాయాలా?"

ఇది మందు కాదమ్మా అన్నాను. "అట్లనే అంటార్లే, యెల పెంచేదానికి" అని ఆవిడ నా ఎర్ర నూనెలో వేళ్ళు ముంచి, అక్కడే కూర్చుని రెండు మోకాళ్ళకూ పట్టించింది. ఆవిడ వెనక నలుగురు వరసకట్టారు. ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒకాయన వెళ్తూ వెళ్తూ పెట్టెలో అర్ధణా వేసి దండం పెట్టాడు కూడాను.

ఆ సాయంత్రం నూనెతో బిగుసుకుపోయిన గుడ్డను సబ్బుతో ఉతికి సత్రం పిట్టగోడ మీద ఆరేశాను. కోతి ఎత్తుకుపోయింది. చూరు మీద కూర్చుని వాసన చూసి, మొహం చిట్లించి, పీలికలు చేసి విసిరింది. కొత్త గుడ్డ కోసం బజారంతా తిరిగాను. గుడ్డకు కూడా రేషను చీటీ ఉండాలి కదా ఈ రోజుల్లో! వడగట్టే గుడ్డ లేకపోతే నా పెట్టె ఉత్త పెట్టె. విసుగొచ్చి ఆ పూట భోజనం కూడా చెయ్యలేదు.

కాళహస్తి దారి

శుక్రవారం కాళహస్తికి బయలుదేరాం. దొరస్వామి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొక్కుబడి ఆయిలు సంగతి అప్పుడు చెప్పాడు.

"మూడేండ్ల కింద నా బండి బోర్లా పడినాది సామీ. మా బామ్మర్ది పోయినాడు. పక్కనే కూసోని ఉండె, నువ్వు కూసున్న ఈ తావులోనే. ఏలినాటి శని పట్టిందిరా, శనివారం శనివారం శనీశ్వరునికి నూనె పొయ్యి అన్యాడు జోశ్యం సెప్పే ఆయన. నువ్వుల నూనె యాడ తెచ్చేది? అందుకని ఇదే పోస్తా ఉండా. ఇనుము ఆయప్పదే, నలుపు ఆయప్పదే, నూనె ఆయప్పదే. ఇంజను ఆయిల్లో మూడూ ఉండాయి గదా. పోసినప్పటి నించి బండికి ఒక్క గీత పడలే."

కాళహస్తి ఏటి ఒడ్డున నల్లరాయి ఒకటి ఉందట. దాన్నే శనీశ్వరుడంటారు బస్సులవాళ్ళు. దొరస్వామిని చూసి మిగతా డ్రైవర్లు కూడా శనివారం మధ్యాహ్నం తమ డబ్బాలు అక్కడే వంచుతున్నారట. నూనె పోతే పోయిందనే మనిషితో వాదించవచ్చు. బామ్మర్దిని పోగొట్టుకున్న మనిషితో ఏం వాదిస్తాం?

కాళహస్తి, శుక్రవారం

స్వర్ణముఖి అంటే కృష్ణంత కాకపోయినా ఓ పాయంత ఉంటుందనుకున్నాను. వెళ్ళి చూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసక! ఆ ఇసకలో నేలచూపులు చూస్తూ తవ్వుతున్న ముసలాయన ఒకడే కనిపించాడు.

పేరు గురప్ప. కలంకారీ పనివాడు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, ఆ కలంతో గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు రాస్తాడు. ఇసకలో బారెడు వెడల్పున కాలువ తవ్వుతున్నాడు. తవ్విన చోటల్లా తేటనీళ్ళు ఊరి, కాలువలో మెల్లగా నడుస్తున్నాయి. నేను నోరు తెరిచి చూశాను. ఏమీ లేదనుకున్న ఏట్లోంచి నీళ్ళు!

"ఏరు ఎండిపోయింది అంటారు మీ పక్కోళ్ళు" అన్నాడు గురప్ప. "ఎండలేదు అయ్యోరా. అడుగున నడస్తా ఉండాది."

ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్ళి పన్నెండు మూరల తెర చూపించాడు. రాముడి పట్టాభిషేకం, చుట్టూ చిలకల అంచు. మద్రాసు శెట్టియారు ఒకాయన కష్టపడి చీటీ సంపాదించి గుడ్డ పంపించాడట. తొమ్మిది నెలల పని. సోమవారం శెట్టియారు మనిషి వచ్చి తీసుకెళతాడట. శనివారం ఎరుపు కోసం చెట్టు వేళ్ళు వేసి ఉడికించి, ఆదివారం తెల్లవారి ఏట్లో జాడించాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే రంగు పక్కకు పాకుతుందట. పారే నీళ్ళే కావాలి. ఆ కాలువ అందుకే.

వెళ్ళిన పని గుర్తొచ్చి, నూనె వడగట్టుకోవడానికి జానెడు పాతగుడ్డ ఇప్పించమని అడిగాను. ఆయన భార్య మునెమ్మ గయ్యిమంది.

"నా కోక సూడు సామీ, ఎన్ని అతుకులుండాయో. ఈ ఇంట్లో జానెడు గుడ్డ ఉంటే ముందు నా ఒంటి మీద ఉండేది."

నేను సిగ్గుపడి లేచాను. గురప్ప వీధి చివరి దాకా వచ్చాడు. అప్పుడు అడిగాడు అసలు మాట.

"ఆ రాయి నా కాలవకు ఎగువన ఉండాది. రేపు శనివారం. బస్సోళ్ళు ఆయిలు పోస్తారు. సెప్పినా, తిట్టిపంపినారు. నువ్వు సర్కారు తరపున వచ్చినోడివి. ఈ ఒక్క వారం ఆపమని సెప్పు సామీ. నూనె తగిలిన సోట ఇంగ రంగు పట్టదు. ఉడకబెట్టినా పోదు."

"చెబుతాను" అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

శనివారం

పొద్దున రెండుచోట్ల మాట్లాడాను. ఒకచోట లారీ షెడ్డు, ఒకచోట సంత. ఎండ నిప్పులు చెరుగుతోంది. నడినెత్తి మాడిపోయింది, కాళ్ళు పీక్కుపోతున్నాయి. డ్రైవర్లు రాయి దగ్గరికి వచ్చేది మూడు గంటలకు. ఇంకా రెండు గంటలుంది కదా అని సత్రంలో చాప మీద నడుం వాల్చాను.

చూరు మీద వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. వేసవి వాన, ఈదురుగాలితో. అయిదు దాటింది.

లేచి కూర్చున్నాను. వెళ్దామా అనుకున్నాను. ఇక్కడ అబద్ధం చెప్పదలుచుకోలేదు. గొడుగు లేదు, ఒళ్ళంతా నొప్పులు, పోసేవాళ్ళు పోసే ఉంటారు. రాయి చూస్తే కాలువకు యాభై గజాల దూరాన, ఎండు ఇసకలో ఉంది. ఇసకలో పోసిన నూనె ఇసకలోనే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? మా వైపు నీళ్ళంటే పైన పారేవే. గురప్ప చెప్పిన మాట విన్నాను, కళ్ళారా చూశాను, అయినా నా బుర్రకు ఎక్కలేదు. పొద్దున్నే చెబుదాంలే అని మళ్ళీ పడుకున్నాను.

ఆదివారం

తెల్లవారి వెళ్ళేసరికి గురప్ప, మునెమ్మ చెరో కొస పట్టుకుని కాలువలో తెర జాడిస్తున్నారు. ఇంకా వెలుగు సరిగ్గా రాలేదు. గురప్ప చూపు అంతంత మాత్రం. మునెమ్మే ముందు ఆగింది.

"ఇదేందయ్యా? ఈ మరక నువ్వు రాసింది కాదే."

గురప్ప ఆ కొస ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకు పది అడుగుల దూరానికే వాసన తెలిసింది. పైకెత్తి పట్టుకుంటే చిలకల అంచంతా, రాముడి పాదాల దాకా, నల్లటి చారలు. నిన్నటి వానకు, రాయి మీద కొత్తగా పోసిన నూనె, చుట్టూ ఇసకలో ఇంకిన పాత నూనె అంతా కదిలి కాలువలోకి దిగింది.

గురప్ప నా వైపు తిరిగాడు. "సెప్పినావా అయ్యోరా?"

"లేదు" అన్నాను. "నిద్రపోయాను."

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆయన తడి కొస పిండుతూ, "ఎండకు అలిసిపోయినావులే" అన్నాడు.

మునెమ్మ ఊరుకోలేదు. "తొమ్మిది నెలలు మేము అలిసిపోలేదా సామీ?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఒడ్డెక్కి కూర్చుంది. నాకు అక్కడే భూమిలో కుంగిపోతే బాగుండుననిపించింది.

అంతలో దొరస్వామి వచ్చాడు. నిన్న బండి ఆలస్యమై అయిదింటికి వస్తే, వాన అందుకోవడంతో సగమే పోసి, మిగతా సగం డబ్బా రాయి పక్కన వదిలి వెళ్ళాడట. దాని కోసం వచ్చాడు. తెర చూసి నిలబడిపోయాడు.

"నేను రాయి మీద గదా పోసినాను. ఈడికి ఎట్ల వచ్చింది?"

గురప్ప రాయి దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసక తోడాడు. మూరెడు లోతుకు నీళ్ళూరాయి. నల్లగా, రంగులు తేలుతూ ఊరాయి.

"సూడప్పా. అడుగున నడస్తా ఉండాది. నువ్వు పోసింది రాయి తాగలేదు. ఊరు తాగతా ఉండాది."

నేను వారం రోజులు గొంతు చించుకుని చెప్పలేనిది ఆయన రెండు చేతులతో చెప్పాడు. దొరస్వామి ఆ గుంట ముందు చతికిలబడ్డాడు. "నాకు తెల్దు పెద్దాయనా. నాకు తెల్దు" అంటూనే ఉన్నాడు.

గురప్ప వెనక్కి వచ్చి, తెర కొస పళ్ళతో కొరికి, మరకపడిన అంచు నిలువునా చింపాడు. ఆ చప్పుడుకు మునెమ్మ తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. ఆ ముక్కను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గుడ్డ అడిగినావు గదా. పట్టు. ఇది ఇంగ దేనికీ పనికిరాదు."

అక్కడే ఇసకలో గరాటు పెట్టి, ఆ గుడ్డ పరిచి, మట్టిపొడి కలిపి, దొరస్వామి సగం డబ్బా నూనె కొంచెం కొంచెంగా పోశాను. గంట గడిచాక మొదటి చుక్క పడింది. ఆ తర్వాత ఒకటీ ఒకటీ. కొత్త నూనె కాదది, కానీ బెల్లప్పాకం రంగులో కిందున్న ఇసక కనిపించేంత తేటగా ఉంది. నలుపంతా చిలకల మీద మిగిలింది. బస్సు దగ్గర ప్రయాణికులు కేకలేస్తున్నా దొరస్వామి కదల్లేదు. సీసా సగం నిండాక గుడ్డ మీది మడ్డిని వేలితో తీసి, వెళ్ళి రాయికి బొట్టులా పెట్టి, చెంపలు వేసుకుని వచ్చాడు.

"నలుపు ఆయప్పది. ఇచ్చేసినా. నూనె నువ్వెత్తకపో సామీ. ఇంగ వారం వారం డబ్బా నీ మద్రాసుకే. మిగతావోళ్ళకు గూడా నేను సెప్తా."

ఆ మాట కోసమే నేను ఇన్ని మైళ్ళు తిరిగాను. వినగానే సంతోషించాల్సింది. పక్కన గురప్ప మిగిలిన తెరను ఇసక మీద ఆరవేస్తున్నాడు. నేను వెళ్ళి ఒక కొస పట్టుకోబోతే మునెమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.

ఇల్లు

శెట్టియారు మనిషి సోమవారం వచ్చాడో లేదో, ఏమన్నాడో నాకు తెలియదు. గురప్పకు పన్నెండు మూరల గుడ్డకు చీటీ ఇప్పించమని ఇంటికి రాగానే ఆఫీసుకు రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మా ఆవిడకు సంగతంతా చెబితే, ట్రంకుపెట్టెలోంచి తన పెళ్ళినాటి తెల్లచీర తీసి ఇచ్చింది. పనికొస్తుందో లేదో గానీ గురప్పకు అందజెయ్యమని నిన్న దొరస్వామి పేర పార్శెలు కట్టాను.

మొన్న మా ఊరి రైసు మిల్లు దగ్గర పెట్టె తెరిచాను. గరాటు మీద ఆ గుడ్డ పరిచాను. మడ్డి పట్టినా చిలకల ముక్కులు ఇంకా కనిపిస్తున్నాయి. మిల్లు మేస్త్రీ వంగి చూసి, "ఇంత మంచి గుడ్డ దీనికి వాడుతున్నారేమిటండీ?" అన్నాడు.

ఉపన్యాసం పక్కన పెట్టి, కాళహస్తి దగ్గర ఏరు అడుగున నడుస్తుందని మొదలుపెట్టాను. అంతా చెప్పాను. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయానని కూడా చెప్పాను.